చెల్లెలు లేని అక్కల సంఘం

రోహిణి కార్తె, ఆటు

ఏడో తూము ఊట: నిన్నటంత ఉప్పే. ఎనిమిదో తూము: నిన్నటికన్నా కాస్త తక్కువ. తొమ్మిదో తూము దగ్గరకు వచ్చేసరికి ఒళ్ళు మండిపోతూ ఉంది కాబట్టి నాలుకకు ఏ రుచీ తెలియలేదు. మళ్ళీ చూశాను. నిన్నటంతే.

కరకట్ట కాలేజీలో ప్రతి విద్యార్థీ రోజూ ఈ చిట్టా రాయాలి. కట్టకు అవతల సముద్రం, ఇవతల మనం. తూముల అడుగున కారే ఊటనీటిని నాలుకతో చూసి, ఉప్పు పెరిగిందో లేదో రాయడం మా చదువులో మొదటి పని. పెరిగితే గోడలో ఎక్కడో పగులు ఉన్నట్టు. పీతల్లా పాకే యంత్రాలు గోడంతా తిరుగుతూనే ఉంటాయి గానీ, ఉప్పు కనిపెట్టే వాటి ముక్కు నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. నాలుక తుప్పు పట్టదు. ఉప్పు రాయగా మిగిలిన కాగితం మన ఇష్టం అంటారు. నేను ఆ మిగిలిన చోట ఇది రాస్తున్నాను, ఎందుకంటే నోటితో చెప్పబోతే అరుస్తాను.

సువార్త వాళ్ళమ్మ పోయింది. సువార్తది నా పక్క మంచం. వాళ్ళమ్మ రెండో లాకు దగ్గర పంపు నడిపేది. సమాధి దగ్గర నుంచి వచ్చిన పిల్ల కాళ్ళు కూడా కడుక్కోకముందే ఆఫీసు వాళ్ళు పిలిపించి, ఇంటి కార్డులో తల్లి పేరు కొట్టేశారు. ఇప్పుడు ఆ కార్డులో ఉన్నది ఒక్క పేరే. ఇలాంటివాళ్ళను ఇక్కడ ఒంటిపేరు అంటారు. ఆఖరి ఏడాది చదువుతున్న ఒంటిపేరు పిల్లను ఆఖరి తూముకు పంపుతారు. ఏడేళ్ళు, ఒక్కతే.

ఆఖరి తూము కట్టకు తూర్పుకొసన, నడిసముద్రంలో ఉంటుంది. అమావాస్యకూ పున్నమికీ లాంచీ సరుకులు దించి వస్తుంది. ఉప్పుగాలికి అక్కడ ఏ వైరూ నిలవదు కాబట్టి మాటా పలుకూ చేరవు. ఇదివరకు అక్కడ ఏడేళ్ళు చేసి వచ్చిన కాంతం మా మెస్‌లో గిన్నెలు కడుగుతుంది. ఆమె ఇప్పటికీ గోడవైపు తిరిగి అన్నం తింటుంది. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడుతుంది. ఇప్పుడక్కడున్న ఆమె గడువు ఆషాఢ అమావాస్యకు తీరుతుంది. తర్వాత సువార్త.

నిన్న మెస్‌లో సువార్త కాంతాన్నే చూస్తూ కూర్చుంది. ముద్ద దిగలేదు. నాకూ దిగలేదు గానీ నాది దుఃఖం కాదు, కోపం.

మృగశిర కార్తె, పోటు

ఉప్పు అన్ని తూముల్లో నిన్నటంతే. వాన పడింది. మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయంటారు. నా సంగతి వేరు.

వార్డెన్ రాజ్యలక్ష్మిగారు సువార్త కోసం గిన్నెలో పాయసం తెచ్చారు. ఈవిడ మూడేళ్ళలో మాకు మంచినీళ్ళు కూడా నవ్వుతూ ఇచ్చిన మనిషి కాదు. పాయసం వెనకాల కొడుకున్నాడు. అతన్ని చేసుకుంటే సువార్త పేరు వాళ్ళ కార్డులోకి ఎక్కుతుంది, ఆఖరి తూము తప్పుతుంది. అతని మొదటి పెళ్ళాం కట్ట మీద నుంచి సముద్రంలోకి దూకి, ఈదుకుంటూ అవతలి దిబ్బలకు వెళ్ళిపోయింది. అంతకన్నా అతని గుణం గురించి నేను రాయక్కర్లేదు. సువార్త మాత్రం పాయసం వంక చూస్తూ, ఒక్కతే ఉండటం కన్నా అదే నయమేమో అంది. గిన్నె తీసుకెళ్ళి వార్డెన్ గుమ్మంలో పెట్టి వచ్చాను.

అట్నుంచి అటే ప్రిన్సిపాల్ పరంధామయ్యగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మంచివాడని పేరు. నన్ను కూర్చోబెట్టి, చాలా మెల్లగా మాట్లాడారు.

"ఎవరో ఒకరు వెళ్ళాలి కదమ్మా. వెళ్ళినవాళ్ళ కోసం ఇక్కడ ఏడ్చేవాళ్ళు లేకపోతే కాస్త తక్కువ పాపం," అన్నారు.

ఫ్యాను శబ్దంలో సరిగా వినపడలేదన్నట్టు ఆ మాట ఆయన చేత మళ్ళీ అనిపించాను. ఏడవడానికి మేమున్నాం కదా అన్నాను. స్నేహితులు లెక్కలోకి రారన్నారు. తల్లో తండ్రో మొగుడో బిడ్డో ఉండాలట.

"పోనీ అక్కో చెల్లో ఉన్నా చూద్దును," అని నవ్వారు.

ఆ నవ్వుకు కారణం ఉంది. కట్ట లోపల మిగిలిన నేల ఇంతే కాబట్టి ఒక కడుపుకు ఒకే బిడ్డ అని నియమం పెట్టి నాలుగు తరాలైంది. మా నాన్నకు తోబుట్టువు లేదు, తాతకు లేదు. తోబుట్టువన్న మాట మా పాఠాల్లో, అంతరించిపోయిన పిచ్చుక, పులి వచ్చే పేజీలోనే వస్తుంది. ఉన్నదల్లా ఒకే ఒక్కావిడ, పాత లాకు వీధిలో ఉండే వీరరాఘవమ్మగారు. తొంభై దాటాయి. ఆవిడకు ఒకప్పుడు అక్క ఉండేది. కట్ట లోపల తోబుట్టువును కళ్ళతో చూసిన మనుషుల్లో ఆవిడే ఆఖరు.

ఆయన నవ్వు ఇంకా అయిపోకముందే, అయితే మేము అక్కచెల్లెళ్ళ సంఘం పెడతాం, మాకు ఒకే కార్డు ఇప్పించండి అన్నాను. "మఖలో పుట్టి పుబ్బలో పోయే సంఘం" అని ఆయన వేళాకోళమాడారు. కానీ గుమాస్తాలందరి ముందు అన్న మాట మింగలేక, ఆరుద్ర దాటేలోపు విచారణ పెడతాను, నిజంగా అక్కచెల్లెళ్ళేనని వీరరాఘవమ్మగారు అంటే చూద్దాం అన్నారు. పెదవి దాటితే పృథ్వి దాటుతుంది. దాటకపోతే దాటించడానికి నేనున్నాను. సాయంత్రానికి కాలేజీ అంతటికీ చెప్పేశాను.

ఆరుద్ర కార్తె, ఆటు

ఎనిమిదో తూములో ఉప్పు కాస్త పెరిగింది. పీతను పంపి పూడ్పించారు.

సంఘంలో నలుగురం. నేను, సువార్త, లాంచీలు నడిపే చదువు చదువుతున్న అమీనా, మా అందరికీ సరిపడా మాట్లాడే లీల. ఈ కాలేజీలో అబ్బాయిలకు పడవపందేల జట్లున్నాయి గానీ ఆడపిల్లలకు సంఘమంటూ ఏనాడూ లేదు. వాడకుండా వదిలేసిన పంపుగది ఊడ్చి, నలుగురి మంచాలూ అందులోకి లాక్కున్నాం. లీల బొగ్గుతో తలుపు మీద "అక్కల సంఘం" అని రాసింది.

అక్కచెల్లెళ్ళంటే ఎలా ఉంటారో మాకు తెలిసింది పాత వీడియోల్లో చూసిన పెళ్ళిళ్ళ వల్లే. అందులో వాళ్ళు ఒకరి జడలో ఒకరు పూలు పెట్టుకుంటూ, నవ్వుతూ ఉంటారు. దాన్నిబట్టి నియమాలు రాసుకున్నాం. పోట్లాడుకోకూడదు. ఒకరు అడిగింది ఇంకొకరు కాదనకూడదు. ఏదైనా సమానంగా పంచుకోవాలి. ఎవరూ ఎవరికన్నా తక్కువ కాకూడదు కాబట్టి అందరూ అందరినీ అక్కా అనే పిలవాలి, మీరు అనాలి.

పోయిన నెల దాకా అమీనాను ఒసే అనేదాన్ని. ఇప్పుడు "అమీనక్కా, ఆ చెంబు ఇలా అందిస్తారా" అంటున్నాను. అమీనా నా దుప్పటి కప్పుకుని తడి కాళ్ళతో తొక్కి మట్టి చేసింది. ఇదివరకైతే ఆ చెంబే విసిరేదాన్ని. పరవాలేదక్కా అన్నాను. అక్కా అన్నప్పుడల్లా బిగబట్టి బిగబట్టి పళ్ళు నొప్పి పుడుతున్నాయి.

మెస్‌లో అబ్బాయిలు మాకు వంగి వంగి దండాలు పెడుతున్నారు. వాళ్ళను పట్టించుకోను. కానీ నిన్న మా తరగతి పిల్ల తల్లి ఒకావిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి, మీరంతా ఒక కార్డులోకి ఎక్కితే ఆఖరి తూముకు ఎవరు పోతారు, నా కూతురా అని అడిగింది. జవాబు చెప్పాల్సింది పోయి గట్టిగా అరిచి వచ్చాను.

ఆరుద్ర కార్తె, పోటు

ఉప్పు చూడలేదు. నాలుక చేదుగా ఉంది.

ఇవాళ విచారణ. ప్రిన్సిపాల్ గదిలో వీరరాఘవమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. వక్కలా ఎండిపోయిన మనిషి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మేము నలుగురం ఒకే రంగు ఓణీలు వేసుకుని వెళ్ళాం. ఒకరికొకరు ఏం ఇష్టమో, ఏం పడదో చిలకల్లా అప్పజెప్పాం. ఒక్క తప్పు పోలేదు.

మీలో చెల్లెలెవరని ఆవిడ అడిగింది.

"అందరం అక్కలమేనండి మామ్మగారూ," అంది లీల, గర్వంగా.

ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఒళ్ళోని సంచిలోంచి ఒక మామిడిపండు తీసింది. ఒక్కటే. ఈ రోజుల్లో కట్ట లోపల మామిడిపండంటే చిన్న విషయం కాదు. తినండి అంది. సువార్త చాకుతో తొక్క తీసి, కండనంతా నాలుగు సమాన భాగాలు చేసింది. ముందు మీరు తీసుకోండక్కా అంటే ముందు మీరు తీసుకోండక్కా అనుకున్నాం. టెంక చెత్తబుట్టలో వేశాం.

ఆవిడ ఆ బుట్టలోకి వంగి చూసింది. మొహంలో నవ్వు పోయింది.

"టెంక ఎవరికీ అక్కర్లేకపోయిందా," అంది. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "వీళ్ళు అక్కచెల్లెళ్ళు కారు బాబూ. ఒకరింటికి ఒకరొచ్చిన చుట్టాలు," అంది.

అంతే, అయిపోయింది. పరంధామయ్యగారు సువార్త తల నిమిరి, అమావాస్యకు సిద్ధంగా ఉండమన్నారు. వరండాలో వార్డెన్ నిలబడి ఉంది. సువార్త ఆవిడ దగ్గరకు వెళ్ళి ఏదో చెప్పబోతుంటే జబ్బ పట్టుకుని లాక్కొచ్చాను. గట్టిగానే పట్టుకున్నాను, కమిలింది.

పునర్వసు కార్తె, ఆటు

పొద్దున్నే పాత లాకు వీధికి వెళ్ళాను. తలుపు కొట్టలేదు, బాదాను. ఒక పిల్ల బతుకు మామిడిటెంకతో తేల్చేశారు, మీకు న్యాయమేనా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. వీరరాఘవమ్మగారు చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ అన్నీ విని, నాక్కూడా ఒక గుప్పెడు చిక్కుళ్ళు ఇచ్చింది. తిడుతూనే ఈనెలు తీశాను.

అప్పుడు చెప్పింది. ఆవిడ అక్క పేరు సీతారావమ్మ. ఇద్దరూ టెంక కోసం జుట్లు పట్టుకునేవారు, కండ ఎవరికి కావాలి గనక. వాళ్ళమ్మ మంచాన పడితే నెలకొకరు వంతులు వేసుకున్నారు. పెద్దది కాబట్టి మొదటి వంతు అక్కది. ఒక నెల అక్క రాలేదు. వంతు తప్పింది. దాంతో పదకొండేళ్ళు మాటల్లేవు.

తర్వాత కలుసుకున్నారా అని అడిగాను.

"పోయేముందు కబురెట్టింది. తప్పైందే అంటుందేమోనని పరిగెత్తా. నా జరీచీర పట్టుకుపోయావు, తెచ్చావా అంది." ఆవిడ చిక్కుడుకాయ విరిచింది. "ఇప్పటికీ దానిమీద కోపమే నాకు. రోజూ ఒకసారన్నా తిట్టుకుంటా."

తర్వాత ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వెళ్తావా ఆఖరి తూముకి?"

"నాకు నాన్నగారున్నారండి. నన్ను పంపరు."

"అదే మరి. నీకు నాన్నున్నాడు."

గట్టున కూర్చుని ఈత నేర్పేవాళ్ళను చూస్తే నాకు మంట. ఇన్నాళ్ళూ నేను చేసిందీ అదే. అక్కా అని పిలవడానికి నాకు ఖర్చయింది నోట్లో తడి తప్ప ఏమీ లేదు. ఆవిడ మీద కోపంతో వెళ్ళినదాన్ని, తిరిగి వచ్చేటప్పుడు ఆ కోపమంతా నా నెత్తిమీదే పెట్టుకుని వచ్చాను. చిక్కుళ్ళలో సగం ఆవిడే నా కొంగులో పోసింది.

పునర్వసు కార్తె, పోటు

ఉప్పు నిన్నటంతే.

పంపుగదిలో చెప్పేశాను. ఏడేళ్ళను వంతులు వేసుకుందాం. తలా నాలుగు నెలలు, వయసు ప్రకారం, పెద్దది ముందు. ఒకరి గడువు తీరగానే ఇంకొకరు.

తర్వాత గది గదిలా లేదు. నిన్నటిదాకా అందరూ అక్కలే, ఇవాళ అందరూ చెల్లెళ్ళే. లీల తన పుట్టినరోజు బడిలో తప్పు రాశారంది. అమీనా తను లీల కన్నా చిన్నదాన్నని ఒట్టు పెట్టింది. మా అమ్మీ గుండె ఆగి చస్తుంది, నీకేం, నీ మాట మీద నువ్వు ఎగురుతావు, పోయేది మేము అని నా మీదకు వచ్చింది. నేను దుప్పటి సంగతి ఎత్తాను. అసలు ఆ సమయంలో దుప్పటి సంగతి ఎందుకో నాకే తెలియదు. లీల గరిటె విసిరింది, నాకు తగలాల్సింది కిటికీకి తగిలింది. సువార్త మధ్యలో నిలబడి, నా కోసం మీరెవరూ చావక్కర్లేదు, వార్డెన్ కొడుకునే చేసుకుంటాను అని ఏడ్చింది. ముగ్గురం ఒక్కసారే నోరు ముయ్యమన్నాం.

తేలింది ఏమిటంటే నేనే పెద్ద. తర్వాత అమీనా, తర్వాత లీల, అందరికన్నా చిన్నది సువార్త. రోహిణిలో పుట్టానని తెలిసి కూడా ఇన్నాళ్ళూ నా వయసు గురించి నేను ఆలోచించలేదు. చెప్పానుగా, నాకు నాన్న ఉన్నారు.

నాన్నకు చెప్పాను. అన్నం కంచం ముందు నుంచి లేచిపోయారు. ఒక్కదాన్ని కన్నాను, ఆ ఒక్కదాన్నీ సముద్రంలో పెట్టమంటావా అన్నారు. నాలుగు నెలలే అన్నాను. ఆయన తలుపు వేసుకున్నారు.

పుష్యమి కార్తె, అమావాస్య పోటు

ఇది లాంచీలో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అల తప్పు.

రేవులో పరంధామయ్యగారు ఉన్నారు, సువార్తను సాగనంపడానికి శాలువా కూడా తెచ్చారు. పెట్టెతో నేను ముందుకు వస్తే ఆయనకు అర్థం కాలేదు. వంతుల సంగతి చెప్పాను. తూము దగ్గర మనిషి ఉండటమే కదా మీకు కావలసింది, ఉంటుంది, కాకపోతే నాలుగు నెలలకొక మనిషి అన్నాను. ఆయన మొదటిసారి గొంతు పెంచారు. తండ్రి ఉన్న పిల్లను పంపే అధికారం తనకు లేదు, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను అన్నారు. చెల్లెలి బదులు అక్క వెళ్ళిందని చెప్పండి అన్నాను. చెల్లెలు కాదని తేలిపోయింది కదా అన్నారు.

వీరరాఘవమ్మగారిని లీల రిక్షాలో తీసుకొచ్చింది. దిగకుండానే, లీల నుదుటి మీద ఉన్న గోటిగాటు చూసి, ఎవరు గీరారని అడిగింది. అమీనా గీరిందని లీల చెప్పింది. ఎందుకని ఆవిడ. ఎవరు పెద్దో తేలక అంది లీల.

"వంతులేసుకున్నారా?" అని నన్ను అడిగింది. వేసుకున్నాం అన్నాను.

ఆవిడ ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "అయితే రాసేసుకో బాబూ, అక్కచెల్లెళ్ళే. ఇహ జీవితాంతం కొట్టుకు చస్తారు."

రేవు నిండా జనం ఉన్నారు, విన్నారు. పరంధామయ్యగారు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నారు. కార్డు రాయిస్తానన్నారు. వార్డెన్ అప్పటికే వెళ్ళిపోయింది. నాన్న నాతో మాట్లాడలేదు గానీ, గోడకు పట్టిన గుల్లలు గీకే తన ఇనుపబద్ద నా పెట్టెలో పెట్టారు. ఆయన అరచేతికి అరిగిన పిడి అది.

సువార్త లాంచీ కదిలేదాకా ఒకటే మాట, అక్కా వద్దక్కా అని. ఈసారి అక్కా అన్న మాటకు నాకు పళ్ళు నొప్పి పుట్టలేదు.

మఖ కార్తె, ఆటు

ఆఖరి తూము ఊట: నిన్నటంతే.

నేను దిగినప్పుడు లాంచీ ఎక్కిన ఆమె గురించి ఇప్పటిదాకా రాయలేకపోయాను. ఏడేళ్ళు ఇక్కడున్న మనిషి. పేరేమిటండీ అని అడిగితే ఆలోచించింది. గుర్తొచ్చేలోపు లాంచీ కదిలింది. ఈ గదిలో ఒకే కంచం, ఒకే గ్లాసు, ఒకే చాప. ఎవరో ఎప్పుడో లెక్క వేసి మరీ ఇంతే పంపారు. రెండో గ్లాసు ఉంటే రెండో మనిషి గుర్తొస్తుందని కాబోలు.

పని ఇదీ: ఆటు వేళ తూము లోపలికి ఇనుపనిచ్చెన మీద దిగాలి, ఊట చూడాలి, గుల్లలు గీకాలి, ఇరుక్కున్న పీతను ఊడదీయాలి, పోటు వచ్చేలోపు ఎక్కేయాలి. నిచ్చెనకు పైనుంచి మూడో మెట్టు ఊడిపోయింది. రెండో రోజే కాలు జారి మోకాలు చీరుకుంది. కొత్త మెట్టు పంపమని ప్రతి లాంచీకీ చెబుతున్నాను. వాళ్ళు ప్రతిసారీ ఉల్లిపాయలు పంపుతున్నారు.

మొన్న అమావాస్య లాంచీలో లీల ఉత్తరం వచ్చింది. ముగ్గురూ ప్రతి ఆదివారం మా ఇంటికి వెళ్ళి తింటున్నారట. నాన్న మొదటి వారం తలుపు తియ్యలేదట, మూడో వారానికి ఆవకాయ జాడీ సగానికి దిగిందని తిట్టారట. మా ఆవకాయ అది. నా కోసం దాచింది.

స్వాతి కార్తె, పోటు

నాలుగు రోజులు తుఫాను గాలి. ఊటలో ఉప్పు పెరిగింది. పగులు చేత్తో తడిమి కనిపెట్టి, పీతను దాని మీదకు ఎక్కించాను. మర్నాటికి తగ్గింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: తగ్గింది.

నిన్న నాలో నేనే పైకి మాట్లాడుతున్నానని గమనించాను. గోడవైపు తిరిగి తింటున్నానేమోనని ఒక్కసారి వెనక్కి చూసుకున్నాను. ఇంకెన్నాళ్ళు, వచ్చే అమావాస్యకు అమీనా వస్తుంది. ఆమె కోసం చాప ఎండలో వేశాను.

అనూరాధ కార్తె, అమావాస్య

అమీనా రాలేదు.

లాంచీలో బియ్యం దిగాయి, కిరసనాయిలు దిగింది, ఉల్లిపాయలు దిగాయి. లాంచీ నడిపే సరంగును అడిగితే రేవుకే రాలేదన్నాడు. కావాలంటే నన్ను ఎక్కమన్నాడు. పెట్టె సర్ది గుమ్మంలో ఉంది. ఎక్కితే తూము దగ్గర మనిషి ఉండదు. మనిషి లేకపోతే పరంధామయ్యగారు రేపే సువార్తను పంపుతారు, ఈసారి ఏడేళ్ళకు. సంఘం నిజంగా పుబ్బ దాటలేదని నవ్వుతారు.

ఎక్కలేదు. లాంచీ చిన్నదైపోయేదాకా తిట్టాను, అమీనాను, వాళ్ళమ్మీని, మామిడిపండును, రోహిణిలో పుట్టిన నన్ను. తర్వాత దిగి ఊట చూశాను. నిన్నటంతే.

వంతు తప్పడమంటే ఏమిటో వీరరాఘవమ్మగారు చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు పదకొండేళ్ళు తక్కువనిపిస్తోంది.

జ్యేష్ఠ కార్తె, పున్నమి

అమీనా వచ్చింది. లాంచీ దిగుతూ నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది. చంకలో నిచ్చెనమెట్టు ఉంది, ఇనుపది. ఇంకో చేతిలో రెండో గ్లాసు.

పక్షం రోజులు అన్నాను. నా బతుకులో పక్షం రోజులు తినేశావు, నేను ఈ గుమ్మంలో పెట్టె పెట్టుకుని కూర్చున్నాను, నీకోసం చాప ఎండేశాను, సిగ్గు లేదా అన్నాను. ఇంకా ఏమేమి అన్నానో గుర్తులేదు గానీ సరంగు లాంచీ ఇంజను గదిలోకి వెళ్ళిపోయాడు.

అమ్మీకి జ్వరమొచ్చిందనో, రేవు మూసేశారనో చెబుతుందనుకున్నాను.

"భయమేసింది," అంది. "రేవు దాకా వచ్చి సంచుల వెనకాల దాక్కున్నా. లాంచీ పోయాక ఇంటికెళ్ళి పడుకున్నా. అంతే. అబద్ధం చెప్పమంటావా?"

"నీతో మాట్లాడను."

"మాట్లాడకు. ఆ పొయ్యి ఎలా ముట్టించాలో చెప్పి పో."

చెప్పలేదు. ముట్టించి చూపించాను. ఊట ఎక్కడ చూడాలో వేలితో చూపించాను. పీత ఎక్కడ ఇరుక్కుంటుందో చూపించాను. నాన్న ఇనుపబద్ద ఆమె చేతిలో పెట్టి, దుప్పటి మాత్రం ఇవ్వకుండా పెట్టెలో కుక్కుకున్నాను. ఆమె వెనకాలే వస్తూ కబుర్లు చెప్పింది. వార్డెన్ కొడుక్కి ఎవరూ పిల్లనివ్వడం లేదట. ఇంకో ఆరుగురు ఒంటిపేరు పిల్లలు సంఘంలో చేరతామన్నారట, వయసులు తేలక రోజూ గొడవేనట. కాంతం నిన్న మెస్‌లో మా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుని, నేను వంతు ముందే చేసేశాను, నన్ను రాసుకోండి అందట. అంటే ఇక నేను పెద్దదాన్ని కాదు. ఇవన్నీ విననట్టే విన్నాను.

లాంచీ ఎక్కాక కూడా ఆమె వైపు తిరగలేదు. కట్ట దూరమవుతోంది, ఆటు మొదలైంది, ఆమె కొత్త మెట్టు బిగించకుండానే నిచ్చెన దిగడానికి వంగడం ఓరకంట కనిపించింది.

లేచి నిలబడి, గొంతు పగిలేలా అరిచాను. మూడో మెట్టు లేదు, చూసుకుని దిగవే, మోకాలు చీరుకుంటుంది అని.

"చూశాలేవే," అని అటునుంచి అరుపు వచ్చింది.

కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి ఆవకాయ మిగిలి ఉండదని తెలుసు. అమీనాతో నేను మాట్లాడటం లేదు. ఆ మెట్టు సంగతి లెక్కలోకి రాదు.